సెస్సు అను మాటయు దాని యర్థమును

మాఘమాసమున నొకనాడు మా తొమ్మిదవ తరగతి బాలబాలికలను తమ యిండ్లనుండి ఏదేని యొక ప్రభుత్వ రసీదు తెచ్చి చదువుడని కోరితిని. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పగలిగియు, తన తండ్రి చెల్లించిన పన్ను రసీదు చదువలేని చదువు సగము చదువేయని నా తలంపు. కొందఱు కరెంటు బిల్లులు తెచ్చిరి. ఒక బాలుడు ఇంటి పన్ను రసీదు తెచ్చెను. అందు ఇంటి పన్ను 600 రూపాయలు. దాని క్రింద గ్రంథాలయ సెస్సు 48 రూపాయలు. ఆ పిల్లవాడు లేచి, “మాస్టరుగారూ, మన యూళ్లో గ్రంథాలయమే లేదు గదండీ, మఱి ఈ 48 రూపాయలు దేనికండీ?” యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని గాని, నా నవ్వు ప్రత్యుత్తరము కాజాలదని నాకే తెలిసినది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవునని చెప్పితిని. “అయితే అక్కడ మన యూరి పేరున పుస్తకము లున్నవాండీ?” యని వాడు మరల నడిగెను. ఆనాడు గంట కొట్టుట నన్ను కాపాడినది. ఆ ప్రశ్నకు నేను వెదకుకొనిన సమాధానమే యీ వ్యాసము.

మన దస్తావేజులలో “శిస్తు సెస్సులు” అను జంటమాట తఱచుగా కానవచ్చును. భూమి కొన్నవాడు సర్కారువారి శిస్తు సెస్సులు తానే చెల్లించుకొనవలెనని వ్రాయుట వాడుక. ఎల్లప్పుడు కలిసి వచ్చుటచేత ఈ రెండును ఒకటే యని లోకులు భావించిరి. రైతు చేతినుండి రూపాయి వెడలునప్పుడు దాని పేరేదైన నేమియని వారి యభిప్రాయము. కాని యీ రెండింటికిని గొప్ప భేదము గలదు. ఆ భేదమును మఱచుటవలననే ఒక శతాబ్దమున్నర కాలముగా మనము మోసపోవుచు వచ్చితిమి.

పన్ను అనగా ప్రభుత్వము తన సమస్తమైన అవసరముల కొఱకు ప్రజలనుండి విధిగా వసూలుచేయు ధనము. దానికి ప్రతిగా నాకేమి చేసితివని పన్ను చెల్లించినవా డడుగుటకు వీలులేదు. రుసుము అట్టిది కాదు. ఒక దస్తావేజు రిజిస్టరు చేయించుకొన్నవాడు ఆ పనికే రుసుము నిచ్చును. మద్రాసు రాష్ట్రమునుండి వెడలిన శిరూరు మఠము వ్యాజ్యెములో 1954లో సుప్రీముకోర్టు ఈ రెండింటికిని గల తారతమ్యమును నిరూపించినది. సెస్సు ఈ రెండింటి నడుమ నిలుచును. పన్నువలె అది విధాయకము. ఇష్టములేదని మానుటకు వీలులేదు. కాని దేని కొఱకు వసూలుచేయుచున్నారో ఆ ప్రయోజనము దాని నొసటనే వ్రాయబడియుండును. రోడ్డు సెస్సు రోడ్డుకు, విద్యా సెస్సు విద్యకు, గ్రంథాలయ సెస్సు గ్రంథాలయమునకు. కావున పన్ను ఆజ్ఞ మాత్రమే; సెస్సు ఆజ్ఞతోపాటు వాగ్దానము. పన్నును దుర్వ్యయము చేసిన ప్రభుత్వము అసమర్థమైనది. సెస్సును మఱియొకదానికి వాడిన ప్రభుత్వము ఆడినమాట తప్పినది.

ఈ మాట ఇంగ్లీషు. పన్ను నిర్ణయించుట యను నర్థముగల “అసెస్” అను క్రియాపదము తల తెగి “సెస్” అయినది. దానికి మూలమైన లాటిను ధాతువునకు “ప్రక్కన కూర్చుండు” అని యర్థము. న్యాయాధికారి ప్రక్కన కూర్చుండి ఎవ డెంత యీయవలెనో తేల్చువాని పని యది. స్కాట్లండులో భూమిపన్నునకే ఈ పేరుండెను. ఐర్లండులో నీ మాటకు కలిగిన దుష్కీర్తి ఎక్కువ. 16వ శతాబ్దమున ఇంగ్లండు రాణి తరఫున పాలించు అధికారి పరివారమునకును, సైన్యమునకును కావలసిన ధాన్యమును, పశువులను అంగడి వెలకంటె తక్కువ వెలకు జనులు ఈయవలసియుండెను. దానిని సెస్ అనిరి. మన కౌటిల్యుని అర్థశాస్త్రములో జనపదాదాయములను లెక్కించుచోట “సేనాభక్తము” అను నొక పేరున్నది. సైన్యమునకు గ్రాసము సమకూర్చుట. రెండు దేశములయందును ఒకే అవసరము ఒకే భారమును పుట్టించినదని దీనివలన గ్రహింపవచ్చును.

పేరు విదేశీయమైనను, ఒక ప్రయోజనమునకై ఒక ఆదాయమును కట్టివేయుట మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని పట్టికలోనే “కౌష్ఠేయకము” అను మఱియొక పేరు గలదు. రాజు త్రవ్వించిన తటాకములవలన వచ్చు ఆదాయ మని వ్యాఖ్యాత లనిరి. మన రాయలసీమలో “దశబంధము” అను నేర్పాటు ప్రసిద్ధము. చెఱువు త్రవ్వించినవానికి గాని, దాని బాగోగులు చూచువానికి గాని కొంత భూమిని మాన్యముగా నిచ్చెడివారు. ఆ భూమి ఫలము ననుభవించువాడు గండ్లు పూడ్పించుటకును, కట్ట నిలుపుటకును బద్ధుడు. విజయనగరకాలపు శాసనములలో కానవచ్చు ఈ మాన్యములు కడప, అనంతపురము, చిత్తూరు సీమలలో కంపెనీవారి కాలము దాటియు నిలిచినవి. 1369 నాటి పోరుమామిళ్ల తటాకశాసనము చదివినవారికి ఒక చెఱువునకు ఎంత శ్రమ, ఎంత ధనము వలయునో తెలియును. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేసిన వనియందు చెప్పబడినది. అట్టి నిర్మాణమును కాపాడుటకు ఏటేట రాజును యాచింపనక్కఱలేకుండ భూమినే దానికి కట్టివేసిరి. ఇందులో వాగ్దానము మాటలో లేదు, మట్టిలో నున్నది. చెఱువు తెగిన యెడల మాన్యము వృథా. మాన్యము పోయిన యెడల చెఱువు తెగును.

కాకతీయుల కాలమునుండి మఱియొక యుదాహరణము. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనములో, తుపానుచే ఒడ్డున బడిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండి రనియు, తాను నిర్ణీతమైన శుల్కమును తప్ప మఱేమియు గ్రహింప ననియు ప్రకటించెను. ఎంత తీసికొందునో ముందు చెప్పుట, చెప్పినదానికి మించి తీసికొనకుండుట — ఈ రెండును కలిసినప్పుడే వర్తకునకు ధైర్యము కలుగును. ఆ కాలపు శాసనములలోనే దరిశనము, అప్పనము, ఉపకృతి అను పేళ్లతో ప్రజలు చెల్లించిన కొన్ని మొత్తములును కానవచ్చుచున్నవి. మొదట భక్తితోడనో భయముతోడనో ఇచ్చిన కానుక, తరువాత తప్పనిసరి యగుట లోకస్వభావము.

ఆ లోకస్వభావమే మొగలుల కాలమున “అబ్వాబు”లుగా పెరిగెను. బాబ్ అనగా అరబ్బీలో ద్వారము. అబ్వాబ్ అనునది దాని బహువచనము. శిస్తు అను పెద్ద వాకిటికి ప్రక్కన దొడ్డివాకిళ్లు తెఱచుట వంటిది. జమీందారు ఇంట పెండ్లియైన నొకటి, అధికారి వచ్చిన నొకటి. బెంగాలులో 1793 నాటి శాశ్వత పరిష్కారపు నిబంధనలు పాత అబ్వాబులను శిస్తులో కలిపివేసి క్రొత్తవి విధింపరాదని శాసించినవి. మన చెన్నపురి రాజధానిలోను 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టము శిస్తునకు మించి జమీందారు లేమియు గ్రహింపరాదని నిషేధించినది. నిషేధము కాగితముపై నుండగా నజరానాలు, మామూళ్లు, వెట్టి జమీందారీలలోను, నైజాము తెలంగాణమునందలి దేశముఖుల గ్రామములలోను కొనసాగినవి. ఇంగ్లీషు చట్టములలో ఈ అక్రమపు వసూళ్లకును సెస్సు అనియే పేరు. కాబట్టి ఒకే మాట క్రింద ఒక ప్రక్క చెఱువును కాపాడు ధర్మము, మఱియొక ప్రక్క దొరగారి పెండ్లి ఖర్చు చేరినవి. దీనిని గుర్తుంచుకొనవలెను. సెస్సు మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు పేరునుబట్టి యుత్తరము లేదు.

ఇక ప్రభుత్వపు సెస్సుల కథ. చెన్నపురి రాజధానిలో 1864 నాటి చట్టము గ్రామోద్యోగుల జీతములకై గ్రామ సెస్సును, 1865 నాటిది నీటి సెస్సును, 1866 నాటిది రోడ్డు సెస్సును పుట్టించినవి. మూడేండ్లలో మూడు సెస్సులు! 1857 నాటి తిరుగుబాటు తరువాత ప్రభుత్వమునకు అప్పులు పెరిగినవి. శిస్తును పెంచిన రైతు తాళజాలడు. కావున ప్రయోజనము పేరుతో ప్రక్కనుండి ధనము కూర్చుట యుపాయమైనది. 1870 డిసెంబరులో వైస్రాయి మేయో ప్రభువు ఒక తీర్మానమును ప్రకటించి, రోడ్లు, విద్య, వైద్యము మొదలగువానిని రాష్ట్ర ప్రభుత్వముల కప్పగించి, వానికి నిర్ణీతమైన మొత్తములు మాత్రమే యిచ్చెను. చాలని ధనమును స్థానికముగా కూర్చుకొను డని దాని భావము. వెంటనే 1871లో చెన్నపురి స్థానిక నిధుల చట్టము వచ్చెను. భూమిపై సెస్సు, బండ్లపై సుంకము, పాఠశాలల కొఱకు ఇంటిపన్ను అందు చేరినవి. పాఠశాలల పేరిటి ఇంటిపన్ను జనుల వ్యతిరేకతవలన కొనసాగలేదు. విద్య కొఱకు పన్ను వేయగా ప్రజలు తిరస్కరించిరని అధికారులు వ్రాసికొనిరి. బడి చూపక బడిపన్ను అడిగినందున తిరస్కరించిరని గ్రహించినచో బాగుండెడిది.

నీటి సెస్సును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. అది మన కృష్ణాగోదావరుల కథ. కాటనుగారి ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియైనవి. ప్రభుత్వము పెట్టిన పెట్టుబడికి ప్రతిఫలము రావలెనని 1865 చట్టముయొక్క యుద్దేశము. ప్రభుత్వమునకు చెందిన నదినుండి గాని, ప్రభుత్వము నిర్మించిన కాలువనుండి గాని నీరు పారించుకొన్నవాడు ప్రత్యేకముగా తీరువ చెల్లింపవలెను. ఇంతవఱకు న్యాయముగనే యున్నది. ఆనకట్టవలన పంట పెరిగినవాడు దాని కింత యిచ్చుట ధర్మము. కాని “ప్రభుత్వమునకు చెందిన నది” యేది? ఆనకట్టకు పూర్వమే, కంపెనీ రాకకు పూర్వమే పారుచున్న నదినుండి తాతలనాటి కాలువద్వారా నీరు తెచ్చుకొన్నవానిని గూడ సెస్సు అడుగవచ్చునా?

ఈ ప్రశ్న వంశధారా తీరమున ఊర్లాము జమీందారీలో పుట్టెను. శాశ్వత పరిష్కారమునాటికే వంశధారనుండి కాలువలున్నవి. ఆ కాలువల నీటితో పండు మాగాణి నెఱిగియే కంపెనీవారు పేష్కషు నిర్ణయించిరి. తరువాత ఎక్కువ భూమి సాగుచేసినందుకు ప్రభుత్వము నీటి సెస్సు అడిగెను. వ్యాజ్యెము లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయెను. 1917లో వారు జమీందారు పక్షముననే తీర్పు చెప్పిరి: పరిష్కారమునాటి కాలువలు ఆ విధముగనే యున్నంతవఱకు, ఆ నీరు వాడుకొను హక్కు పేష్కషులో చేరియే యున్నది, దానికి మరల సెస్సు లేదు. జమీందారులపై నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు. కాని యీ తీర్పులోని సూత్రము రైతునకును వర్తింపదగినదే. ఒకే మేలునకు రెండుమారులు వెల కట్టరాదు. సెస్సు అడుగువాడు తాను చేసిన మేలును చూపవలెను. ప్రకృతి చేసినదానిని కాదు, పూర్వులు చేసినదానిని కాదు.

ఇంతకంటె బాధాకరమైన కథ ధాత కరువు తరువాత జరిగినది. 1876-78 నాటి కరువులో కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు మండలము లెంత దుర్దశ పొందినవో పెద్దలు చెప్పుకొనుట మన తాతలు వినియుందురు. ఆ కరువు చల్లాఱకముందే భారతప్రభుత్వము ఒక నిధి నేర్పఱుప నిశ్చయించెను. ఇట్టి విపత్తు మరల వచ్చినచో ఎదుర్కొనుటకై ఏటేట కోటి యేబది లక్షల రూపాయలు ప్రత్యేకింతుమని లిట్టను ప్రభువును, ఆర్థికసచివుడైన జాన్ స్ట్రాచీయు ప్రకటించిరి. దానికై వృత్తులపై లైసెన్సు పన్నును, ఉత్తరభారతమున భూమిపై క్రొత్త సెస్సులను విధించిరి. మన చెన్నపురి రాజధానిలోను 1878లో లైసెన్సు పన్ను చట్టము వచ్చెను. ఈ ధనమును కరువునకు తప్ప మఱియొకదానికి వాడమని మాట యిచ్చిరి. ఆకలిచావులు కండ్లార చూచిన జనులకు ఆ మాట నమ్మదగినదిగానే తోచియుండును. 1878 చివర ఆఫ్ఘను యుద్ధము ప్రారంభమైనది. మఱుసటి యేడు కరువునిధికి ఈయవలసిన ధనము నిలిచిపోయెను. పన్నులు మాత్రము నిలువలేదు. కర్నూలు సీమలోని చిన్న వర్తకుడు కరువు పేర చెల్లించినది కాబూలు కొండలలో తుపాకిమందుగా కాలిపోయెనని నాటి విమర్శకులు గోలపెట్టిరి. ధనము మొత్తము ఖజానాలో కలిసిపోవును గావున ఏ రూపాయి ఏ పనికి పోయినదో చెప్పజాల మని ప్రభుత్వపక్షమువారి వాదము. ఆ వాదమును చదువరులు జ్ఞాపకముంచుకొన వేడెదను. మరల దానితో పని గలదు.

సెస్సు గౌరవమును నిలబెట్టిన ఘట్టమును గూడ చెప్పకపోవుట న్యాయము కాదు. అది మన గ్రంథాలయోద్యమము. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. తరువాతి ముప్పదియేండ్లలో చందాలు, పిడికిలి బియ్యము, పెండ్లివారి కానుకలు — వీనితోనే గ్రామములలో పుస్తక భాండాగారములు నడచినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడుల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడపించిరి. నీటి సెస్సు కట్టిన కాలువమీద పుస్తకములు ఉచితముగా తేలివచ్చినవి! అయినను స్వచ్ఛందసేవకు ఆయుష్షు తక్కువ. పూనుకొన్న పెద్ద కన్ను మూయగనే బీరువాకు తాళము పడును. అందుచేత గ్రంథాలయమునకు స్థిరమైన యాదాయము వలయునని ఆ మహనీయులే కోరిరి. రంగనాథన్‌గారి కృషితో 1948లో వచ్చిన మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము స్వతంత్రభారతమున అట్టి చట్టములలో మొదటిది. అందు ఇంటిపన్నుపై గ్రంథాలయ సెస్సు విధింపబడెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము దాని ననుసరించెను. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను రూపాయి ఇంటిపన్నునకు 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మా విద్యార్థి రసీదులోని 600 రూపాయలకు 48 రూపాయలు అందుచే వచ్చినవి.

అనగా ఆ 48 రూపాయలు ఎవరో దొర విధించినవి కావు. దశబంధమువలెనే, ఒక మంచి పనికి ఆధారము కట్టివేయవలెనని మనవారే కోరి తెచ్చుకొన్న భారము. పంచాయతీగాని, పురపాలకసంఘముగాని దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్పవలెను. అది వారి సొమ్ము కాదు. చేతులు మార్చవలసిన సొమ్ము. కాని చేతులు మార్చవలసిన సొమ్ము చేతిలోనే నిలిచిపోవుట అనేక స్థలములలో జరుగుచున్నది. వీధిదీపములకు, జీతములకు ధనము చాలనప్పుడు, మందలించువా డెవడును లేని పుస్తకముల సొమ్ము మొదట వాడుకకు వచ్చును. దొంగతన మనుటకు మనసొప్పదు. ఎవడును ఇంటికి గొనిపోలేదు. కాని దశబంధపు మాన్యమును దున్నుకొని చెఱువుగట్టును విడిచినవాడును తన పిల్లలనే పోషించుకొనెను గదా! గండి పడుట మాత్రము ఆగలేదు.

ఇప్పుడు కేంద్రప్రభుత్వపు సెస్సులకు వత్తము. మన రాజ్యాంగపు 270వ అధికరణమునకు 2000లో 80వ సవరణ జరిగెను. కేంద్రము వసూలుచేయు పన్నులన్నింటిలోను రాష్ట్రములకు భాగముండవలెనని దాని సారము. అయితే రెండింటిని మినహాయించిరి: సర్‌చార్జీ యొకటి, ప్రత్యేక ప్రయోజనమునకై విధించు సెస్సు రెండవది. కారణము సమంజసమే, ఒక పనికై కట్టిన ధనమును పంచుకొనరాదు గదా. కాని ఈ మినహాయింపే ఒక ఆకర్షణ మైనది. పన్ను పెంచినచో రాష్ట్రములకు పాలు పంచవలెను; సెస్సు పెంచినచో పంచనక్కఱలేదు. 2021 ఫిబ్రవరి నాటి పెట్రోలు లెక్క చూడుడు. లీటరుకు కేంద్రపు ఎక్సైజు భారము 32 రూపాయల 90 పైసలు. అందు రాష్ట్రములతో పంచుకొనదగిన మూలపన్ను 1 రూపాయి 40 పైసలు మాత్రమే. తక్కినదంతయు ప్రత్యేక సుంకముగను, రోడ్డు సెస్సుగను, వ్యవసాయ సెస్సుగను ఉండెను. 1871లో సెస్సు పైనుండి క్రిందికి దిగిన భారము. కేంద్రమునకు చాలక గ్రామముపై బడినది. నేడది క్రిందినుండి పైకెక్కిన యాదాయము. గ్రామమునుండి పోయి కేంద్రముననే నిలిచినది. మాట మాఱలేదు, దిశ మాఱినది.

ఆ ధనమైనను చెప్పిన పనికి చేరుచున్నదా? 2004లో ప్రాథమికవిద్య కొఱకు నూటికి 2 చొప్పున విద్యా సెస్సు వచ్చెను. 2007లో ఉన్నతపాఠశాల, కళాశాల చదువులకై మఱియొకటి చేరెను. రెండవదానివలన 2006-07 మొదలు 2016-17 వఱకు 83,497 కోట్ల రూపాయలు వసూలైనవనియు, దానికై ప్రత్యేకనిధి యేర్పడలేదనియు కేంద్ర లెక్కతనిఖీ అధిపతి, అనగా కాగ్, తెలిపెను. 2018-19లో 35 రకముల సెస్సులు మొదలగువానివలన వచ్చిన 2,74,592 కోట్లలో 1,64,322 కోట్లు మాత్రమే నిర్ణీతమైన నిధులకు చేర్పబడినవని ఆయన నివేదికయే చెప్పినది. నూటికి ఇంచుమించు అరువదిపాళ్లు. పరిశోధన సెస్సు కథ ఇంకను విచిత్రము. 1996-97 మొదలు 2016-17 వఱకు వసూలైనది 7,885 కోట్లు. చెప్పిన పనికి చేరినది 609 కోట్లు.

ఇది యెట్లు జరుగునో తెలిసికొనుట మంచిది. రాజ్యాంగపు 266వ అధికరణము ప్రకారము ప్రభుత్వమునకు వచ్చిన ఆదాయమంతయు మొదట సంచితనిధి యను ఒకే పెద్ద గాదెలో పడును. సెస్సు రూపాయికి ప్రత్యేకమైన రంగు లేదు. పార్లమెంటు మంజూరు చేసి దానిని వేఱు నిధికి మార్చిననే గాని అది వేఱుపడదు. మార్చుట మఱచినను, ఆలస్యము చేసినను, ఆ ధనము తక్కిన ధాన్యములో కలిసిపోయిన గింజయే.

ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు. విద్యకు మేము సెస్సుకంటె ఎన్నియో రెట్లు ఎక్కువ వ్యయము చేయుచున్నాము. నిధిలో వేసినను, వేయకున్నను ఆ వ్యయము జరిగినదేయని వారందురు. ఇది యసత్యము కాదు. ప్రతి రూపాయికి ముందే ఒక పని కట్టివేసినచో ఆపత్కాలమున ప్రభుత్వమునకు చేతులాడవనుటయు నిజమే. ఆర్థికశాస్త్రజ్ఞులలో అనేకులు అందుచేతనే సెస్సులను మెచ్చరు. కాని నా సమాధాన మొక్కటే. సెస్సు లేకున్నను ఆ వ్యయము చేసెడివారే యైనచో, విద్య పేరు చెప్పి అడుగనేల? పన్ను పెంచెదమని చెప్పి, రాష్ట్రములకు వాని పాలు పంచి, మాట నెఱవేర్చుకొనవచ్చును గదా. ధాత కరువు తరువాత స్ట్రాచీగారి పక్షము చెప్పిన వాదమును జ్ఞప్తి యుంచుకొను డంటిని. రూపాయి ఏ పనికి పోయినదో చెప్పజాలమను వాదము. అది పన్నునకు చెల్లును. సెస్సునకు చెల్లదు. చెప్పగలుగుటయే సెస్సునకు ప్రాణము.

హిందీలో ప్రభుత్వమువారు సెస్సును “ఉపకరము” అని యనువదించిరి. కరమునకు ప్రక్కన నుండునది యని యర్థము. సంస్కృతము చదివిన నాకు ఆ మాట వినినప్పుడెల్ల “ఉపకారము” అను మాట తోచుచుండును. రెండింటికి నడుమ నొక్క దీర్ఘము. కాకతీయులనాటి “ఉపకృతి”లో ఆ రెండర్థములును కలిసియే యుండెనేమో! ఆ దీర్ఘమును చేర్చుట చట్టము చేయువారి పని మాత్రమే కాదు, లెక్క అడుగువారి పని. నాకు తోచినంతవఱకు ప్రతి సెస్సును మనము నాలుగు ప్రశ్న లడుగవలెను. ప్రయోజన మేమి? వసూలైన దెంత? ఆ ప్రయోజనమునకు చేరిన దెంత? ఎప్పటితో ముగియును? నాలుగవ ప్రశ్నను మనము బొత్తిగా మఱచితిమి. పన్ను ప్రభుత్వ మున్నంతకాల ముండును. పని ముగిసినచో సెస్సు ముగియవలెను. ముగియని సెస్సు పేరు మార్చుకొనిన పన్ను.

మా తరగతి మాట చెప్పి ముగించెదను. మాఘము వెళ్లి ఫాల్గునము వచ్చినది. పిల్లలు తమ తమ రసీదులు తెచ్చి లెక్కవేసిరి. తరగతిలోని ముప్పదియొక్క కుటుంబములు ఒక యేట చెల్లించిన గ్రంథాలయ సెస్సు 1,302 రూపాయలు. దానితో ఎన్ని పుస్తకములు వచ్చునని వారే పట్టిక వ్రాసిరి. నిఘంటు వొకటి, కథల పుస్తకములు పదునాలుగు. పిదప ఆ బాలుడే యొక అర్జీ వ్రాసెను. అందు కోపము లేదు, వేడికోలు లేదు. మా యూరి గ్రంథాలయ సెస్సు ఈ మూడేండ్లలో ఎంత వసూలైనది, ఎంత చేరవలసినచోటికి చేరినది, దయచేసి తెలుపుడని మాత్రము రెండు వాక్యములు. నేను రెండు అక్షరదోషములు దిద్దితిని. అర్థమును దిద్దవలసిన పని లేకపోయెను. తరగతి పిల్లలందఱును సంతకములు పెట్టిరి. ప్రత్యుత్తర మింకను రాలేదు. వచ్చువఱకు నెల కొకమారు వ్రాయుదుమని వారు నిశ్చయించుకొనిరి.